ప్రమాణానికి రాని మునెయ్య

దేవరాజులు పళ్ళు కూడా తోముకోకుండా పెరట్లో గొంతుక్కూర్చుని, పాత చీర మీద పరిచిన ఇనప సామాన్లను వరసగా వేలితో తాకుతూ వస్తున్నాడు. రెండో ప్రపంచయుద్ధంనాటి డాడ్జ్ పికప్పు బండి సామాన్లవి. ఏదో క్వారీలో తుప్పుపట్టి పడివుంటే పాత ఇనుము కింద కొని, రెండేళ్ళ కిందట ఎద్దులను కట్టి లాగించి గిరింపేటలోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. విప్పిన వరసలోనే పరచాలి, పరిచిన వరసలోనే బిగించాలి. అది అతని పద్ధతి. ఇవాళ ఆ వరసలో మళ్ళీ ఒక ఖాళీ, పంక్తి మధ్యలో ఒక విస్తరి లేచిపోయినట్టు.

ఈసారి పోయింది రోటరు. బొటనవేలంత ముక్క. అది లేకపోతే ఇంజను తుమ్మను కూడా తుమ్మదు. పోయిన నెల కార్బురేటరు సూది, అంతకుముందు పెట్రోలు పంపు లోపలి రబ్బరు బిళ్ళ. ప్రతిసారీ వేలూరుకు పోయి పాత సామాన్ల అంగళ్ళన్నీ గాలించి తేవడం, తీరా బండి బిగిసేనాటికి మరొకటి మాయం కావడం!

అనుమానం మొదట పిల్లి మీదికి పోయింది. తర్వాత పాలవాడి మీదికి. పాపం, వాళ్ళిద్దరికీ రోటరుతో ఏం పని? పని తెలిసినవాడు ఈ పెరట్లోకి వచ్చేది ఒక్కడే, మునెయ్య. దేవరాజులు డ్రైవరుగా చేసిన బస్సు డిపోలోనే మెకానిక్కుగా చేశాడు. భార్య పోయాక ఒంటిగదిలో అద్దెకుంటూ, రోజూ పొద్దున్నే వచ్చి ఏమీ అడక్కుండా సాయంత్రం దాకా చేసిపెడతాడు. ఎందుకు చేస్తాడు? ఊరికే వచ్చేవాడు ఊరికే పోడని దేవరాజులు నమ్మకం.

మూడేళ్ళ కిందట పుత్తూరు దాటాక స్టీరింగు ముందే దేవరాజులుకు స్పృహ తప్పింది. బస్సు చెరుకుతోటలోకి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదుగానీ ఉద్యోగం పోయింది. మళ్ళీ స్టీరింగు ముట్టొద్దన్నాడు డాక్టరు. తర్వాత ఇంట్లోనూ రెండుసార్లు అలాగే పడ్డాడు. అదంతా నిద్రమబ్బు అంటాడు దేవరాజులు. ఈ బండిని తనే నడుపుతూ డిపో గేటు ముందునుంచి పోవాలి. గేటు దగ్గరివాళ్ళందరూ చూడాలి. అంతకు మించి అతనికి ఈ జన్మలో వేరే కోరిక లేదు.

ఎనిమిదింటికి మునెయ్య వచ్చి, అలవాటుగా బండి కిందికి దూరాడు. దేవరాజులు వచ్చి చక్రం పక్కన నిలబడ్డాడు.

"మునెయ్యా, రోటరు యాడ?"

"యాడుండాది? సీర మీదనే గదా పెట్టింటివి."

"లేదు."

కింద స్పానరు చప్పుడు ఆగింది. మునెయ్య పాకుతూ బయటికి వచ్చాడు. చీర వంక చూడలేదు, వంటింటి వైపు చూశాడు. దేవరాజులుకు అది దొంగచూపుగానే తోచింది.

"నేను తీయలేదన్నా."

"తీయలేదని సెప్పు. తీసిందెవురో తెలీదని కూడా సెప్పు. కాణిపాకంలో మునిగి, తడిగుడ్డల్తో వినాయకుని ముందర ఈ రెండు మాటలూ సెప్పు. ఇప్పుడే పోదాం పా."

కాణిపాకం అంటే ఆ చుట్టుపక్కల కోర్టుకన్నా ఎక్కువ. అక్కడ అబద్ధం ఆడి బాగుపడినవాడు లేడని అందరి నమ్మకం. మునెయ్య తలొంచుకుని చేతులు తుడుచుకున్నాడు.

"రెండు మాటలూ సెప్పాల్నా అన్నా?"

"రెండూ."

"అయితే నేను రాన్లే."

"గుమ్మడికాయల దొంగంటే బుజాలు తడుముకున్నట్టుండాది!" అని దేవరాజులు వీధిలోకి వినిపించేలా అరిచాడు. ముప్పై ఏళ్ళ స్నేహితుణ్ణి దొంగా, దొంగా అని మూడుసార్లు అన్నాడు. మునెయ్య "వస్తా వదినా" అని వంటింటి వైపు చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

దేవరాజులుకు గెలిచినట్టే ఉంది. మధ్యాహ్నం అతను సంగటి తింటూ ఉంటే భార్య సుబ్బులమ్మ అతని ముందు గుడ్డమూట ఒకటి పెట్టి విప్పింది. రోటరు, సూది, రబ్బరు బిళ్ళ.

"మునెయ్యన్న కాదు. నేను."

"నీకేం తెలుసు మే, ఏది తీస్తే బండి నిలుస్తాదో?"

"నాకేం తెలుసు? నువ్వు దేన్ని ఎక్కువసేపు తుడస్తా కూసుంటావో దాన్ని తీసినా." అంది సుబ్బులమ్మ. "బండి కదిలితే నువ్వు ఎక్కతావు. ఎక్కితే నాకు మిగలవు. పోయిన నెల మునెయ్యన్న సూసినాడు. సెప్పొద్దని కాళ్ళు పట్టుకుంటి. ఆయప్ప తెలీదని దేవుని ముందర ఎట్ల సెప్తాడు?"

"నేను దొంగ దొంగంటా ఉంటే వింటా ఉన్న్యావా?"

"నోరు పెగల్లేదు. పాపిష్టిదాన్ని."

దేవరాజులు చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. ఎండలో పడి మునెయ్య గదికి పోయేసరికి ఇంటామె వాకిలి ఊడుస్తూ ఉంది.

"బీగం ఇచ్చేసి ఎలబారిపోయినాడప్పా. గూడూరులో కూతురి కాడికంట. ఇంక రానన్నాడు."

"ఎప్పుడు?"

"పది గంటల బస్సుకే."

తిరిగి వచ్చి పెరట్లో బండి పక్కన కూలబడ్డాడు. సుబ్బులమ్మ మూడు ముక్కలనూ చీర మీద పెట్టి ఉంది, ఏది ఎక్కడ ఉండాలో తెలియక ఒకచోటే కుప్పగా. దేవరాజులు వాటిని ముట్టుకోలేదు. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. వంచిన తలకు ముందు చక్రం పక్కన, బండి కిందికి దూరేటప్పుడు మునెయ్య విప్పిన టైరు చెప్పులు రెండూ కనిపించాయి.