కుండీలో మూడెకరాలు

మా ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో ఒక మాట ఉంటుంది: 'రైతు పండించేది డేటా. టమాటాలు అదనం.' చేరిన రోజే దాన్ని ఫోటో తీసి ఫోన్లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాను. పద్ధతి చాలా సింపుల్. రైతుకి సెన్సర్ ఉచితం, అది మట్టిలో తడి ఎంతుందో చెబుతుంది, ఆ లెక్కలన్నీ మేం టమాటా సాస్ కంపెనీలకీ ఎరువుల కంపెనీలకీ అమ్ముతాం. ఇంత అందమైన ఆలోచన ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకు అర్థమయ్యేది కాదు.

అందుకే మొట్టమొదట మా పిన్నినే చేర్పించాను. ఆవిడది మూడెకరాల టమాటా తోట. రెండు నెలలు తిరిగేసరికి రెండు వందల పొలాల్లో పిన్నిదే నంబర్ వన్. తడి డెబ్భై ఎనిమిది శాతం, ఎండ కాసినా గాలి వీచినా గీత చెక్కుచెదరదు. రోజూ ఉదయం ఆరున్నరకి మాత్రం ఒక చిన్న మెట్టెక్కి దిగుతుంది. ఆ మెట్టు మీదే మా బాస్ నలభై స్లైడ్లు తయారుచేశాడు.

పోయిన సోమవారం నుంచి నీళ్ళ మోటర్లు కూడా మా యాప్ చేతికొచ్చాయి. వేసేదీ అదే, ఆపేదీ అదే. వారం తిరిగి ఈ సోమవారం పొద్దున్నే, ఇన్వెస్టరు వస్తున్నాడని ఆఫీసంతా తుడుస్తుంటే పిన్ని ఫోన్ చేసింది.

"అమ్మడూ, వారం నుంచీ మోటరు కదలట్లేదే. పూత రాలిపోతోంది. మీ హెల్ప్‌లైన్‌కి నాలుగుసార్లు చేశా. మీ పొలం సంతోషంగా ఉంది అని చెప్పి పాట పెడుతోంది."

స్క్రీన్ చూశాను. అంతా పచ్చగా ఉంది. "అక్కర్లేదు కాబట్టే వేయట్లేదు పిన్నీ. నీ పొలం తడిగానే ఉంది."

"నేను పొలంలోనే నిలబడి మాట్లాడుతున్నా. నెర్రెల్లో చెప్పు ఇరుక్కుంది."

"డేటా అలా చెప్పట్లేదు పిన్నీ."

"సరేలే, కళ్ళు మార్పించుకుంటా. ముందు నువ్వొచ్చి నీ కళ్ళతో చూసి పో."

గంటలో వెళ్ళాను. మొక్కలు తలలు వేలాడేసి ఉన్నాయి. సెన్సర్ కోసం సాలు సాలూ వెతికాను, ఎక్కడా లేదు.

"ఆ పుల్లా? ఇంట్లో భద్రంగా ఉంది," అంది పిన్ని.

వంటింటి కిటికీలో పుదీనా కుండీ. అందులో నిటారుగా మా సెన్సర్.

"పిన్నీ, దీన్ని ఇక్కడెందుకు పెట్టావు?"

"పోతే డబ్బు నేనే కట్టాలని సంతకం పెట్టించుకున్నావుగా. పొలంలో ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. మట్టిలో ఉండాలన్నావు, మట్టిలోనే పెట్టా. రోజూ పొద్దున్నే ఓ గ్లాసుడు నీళ్ళు కూడా పోస్తున్నా."

ఆరున్నరకా అని అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

మోటరు పెట్టెకి మా కంపెనీ తాళం. దానికి చెవి ఉండదు, తడి నలభైకి తగ్గితేనే తెరుచుకుంటుంది. బాస్‌కి ఫోన్ చేశాను. మీటింగులోంచే గుసగుసగా మాట్లాడాడు.

"ఆ కుండీని ముట్టుకోకు. ఇన్వెస్టరు ఆ గీతే చూస్తున్నాడు."

"సార్, ఈరోజు నీళ్ళు పెట్టకపోతే తోట మిగలదు."

"తోటదేముంది, మళ్ళీ వేసుకోవచ్చు. గ్రాఫ్ మళ్ళీ వేయలేం కదమ్మా."

పిన్ని నా మొహం చూస్తూ నిలబడింది. పుల్ల పీకి తోటలోకి పరిగెత్తి నెర్రెలో గుచ్చాను. తొమ్మిది శాతం. మోటరు రెండుసార్లు దగ్గి అందుకుంది. నీళ్ళు మొదటి సాలులోకి వచ్చాయి, నేల గుటకలేస్తూ తాగింది. నా ఉద్యోగం పోయిందనుకుంటూ చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను.

సాయంత్రం బాస్ ఫోన్. "గీత పాతాళానికి పడి మళ్ళీ లేచింది. కరువుని మన యాప్ ఓడించిందని ఇన్వెస్టరు సంతకం పెట్టేశాడు. ఎలా చేశావో చెప్పకు, వారానికోసారి చెయ్యి చాలు."

అంతలోనే రైతులందరికీ మెసేజ్ వెళ్ళింది: 'నంబర్ వన్ రైతు రహస్యం. ఏడు రోజులు మోటరు బంద్, ఎనిమిదో రోజు నీళ్ళు. రేపటి నుంచి అన్ని మోటర్లకీ.'

పిన్ని దాన్ని రెండుసార్లు చదివింది. ఇంట్లోకెళ్ళి కటింగ్ ప్లయర్ తెచ్చి పెట్టె వైరు కత్తిరించి, మోటర్ని పాత స్విచ్చికి కలిపింది. తర్వాత పుల్లని కడిగి పుదీనా కుండీలో గుచ్చింది.

"ఇది ఇక్కడే ఉండనీ. నంబర్ వన్ పోతే నీ ఉద్యోగం పోతుందిగా. గ్లాసుడు నీళ్ళేగా, పోస్తాలే."

నేను గట్టు మీదే కూర్చుని జాబితా తీసి, మిగతా నూట తొంభై తొమ్మిది మందికీ వరుసగా ఫోన్లు మొదలుపెట్టాను.

"నమస్తే అండీ, కంపెనీ నుంచి మాట్లాడుతున్నా. మీ ఇంట్లో కుండీ ఉందా? కటింగ్ ప్లయర్ ఉందా?"