బిమ్లా నౌటియాల్ అడిగిన ప్రశ్న

ఉత్తరకాశీలో భాగీరథి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో ఉదయపు పాఠం ఎంతో ప్రశాంతంగా సాగేది. స్వామి చైతన్యగిరి శ్లోకం చదివి అర్థం చెబుతారు, వచ్చినవారంతా తలలూపుతారు. యాత్రికులు చూసి ముచ్చటపడేవారు. ఆ నిశ్శబ్దం దేనివల్ల వచ్చిందో ఎవరూ ఆలోచించలేదు.

కొండచరియ విరిగిపడి కూతురు పోయాక బిమ్లా నౌటియాల్ అక్కడికి చేరింది. ఒకనాడు పాఠం మధ్యలో లేచి నిలబడింది.

"స్వామీజీ, ఆత్మకు చావు లేదన్నారు, బాగానే ఉంది. కానీ నేను రోజూ జడ వేసింది ఆత్మకు కాదుగా? ఆ తలా, ఆ జుట్టూ... అవే కావాలనిపిస్తోంది నాకు. ఇది అజ్ఞానమేనా?"

స్వామి తరువాతి శ్లోకం అందుకున్నారు.

ఆయనకు కోపం వచ్చిందనుకున్నారు అందరూ. ఆశ్రమ వ్యవహారాలు చూసే త్రిలోచన్ బయట ఆమెను నిలదీశాడు.

"గురువుగారికే పరీక్ష పెడతావా దీదీ? వినడానికొచ్చావా, వాదించడానికా?"

"అర్థంకాక అడిగాను భయ్యా."

"అర్థంకాకపోతే నోరు మూసుకుని జపం చేసుకో."

ఆ మధ్యాహ్నం భోజనాల పంక్తిలో పక్కనున్న దేవకి విస్తరి తీసుకుని అవతలికి జరిగింది. రోజూ నదికి తోడొచ్చే కమలేశ్ రావడం మానేసింది. ఎవరూ తిట్టలేదు, పలకరించలేదు, అంతే. కూతురు పోయినప్పుడు నలుగురు వచ్చి ఏడ్చారు. ఇప్పుడు అదీ లేదు. క్రమంగా ఆమె పాఠానికి వెళ్ళడం మాని, గదిలోనే రొట్టెలు కాల్చుకుని, నది హోరు వింటూ తినసాగింది.

"ఆవిడేదీ?" అని ఒక ఉదయం స్వామి అడిగారు.

"పీడ విరగడైంది స్వామీజీ," అన్నాడు త్రిలోచన్ సంబరంగా.

స్వామి పాఠం ఆపి, నేరుగా ఆమె గదికి నడిచారు. బిమ్లా కంగారుగా లేచింది.

"తప్పయింది మహరాజ్, ఇంకెప్పుడూ అడగను."

"అలా అనకు బేటీ. ఒక్కరైనా అడుగుతారని ఏళ్ళతరబడి ఎదురుచూశాను. తీరా నువ్వడిగితే, జవాబు తెలియక శ్లోకం వెనక దాక్కున్నాను."

"ఇప్పుడు తెలిసిందా?"

"లేదు." ఆయన గడప మీదే కూర్చుండిపోయారు. "ఆ గద్దె మీద నేనూ ఒంటరినే. కలిసి వెతుకుదాం, రా."

మరునాడు ఆమె వచ్చింది. దుఃఖం తగ్గలేదు. ఆమె పక్క చోటు ఖాళీగానే ఉంది. స్వామి సభనంతా కలయజూసి అన్నారు:

"మన ఋషుల ముందు శిష్యులు అడిగారు, వాదించారు, అందుకే ఆ విద్య నిలిచింది. పక్కవారి ప్రశ్నకు మీరు జవాబు చెప్పలేకపోవచ్చు. అడిగినందుకు మాత్రం వారిని ఒంటరిని చేయకండి."