నిలుచుండు కొలువు

శ్రావణమాసము. సముద్రము మీదుగా బారులు తీరి వచ్చిన నీలమేఘములు కాకినాడ పట్టణము నావరించి తెల్లవారినది మొదలు సన్నని తుంపర చిలుకరించుచుండ వీథులయందలి దుమ్మణగి మామిడాకుల కట్టలును చేమంతి గంపలును అరటిగెలలును నింపిన తోపుడుబండ్లు దారి కిరువైపుల నిలువగా వరలక్ష్మీవ్రతము సమీపించినదని యెవరును చెప్పనక్కఱలేకయే పసుపు కుంకుమల వాసన వానగాలితో గలసి ప్రధానవీథి నిండ వ్యాపించియుండెను. గొడుగులు ముడిచికొని తడిసిన కుచ్చెళ్ళను చేత నొత్తికొనుచు గుంపులు గుంపులుగా వచ్చు పురస్త్రీలను పగలే వెలుగు దీపమాలికలతో నాహ్వానించుచు నా వీథి నడుమ నొక మహావస్త్రశాల నాలుగంతస్తుల యెత్తున నిలిచియుండెను.

ఆ వస్త్రశాల రెండవ యంతస్తున పట్టుచీరల విభాగమునకు మాణిక్యాంబ పర్యవేక్షకురాలు. నడివయస్సు వచ్చినను నిటారుగా నడచునదియు చీర యంచును రెండువ్రేళ్ళ నడుమ నుంచినంతమాత్రమున నేత యే యూరిదో చెప్పగలదియు నగు నామె చిన్ననాటనే భర్తను గోల్పోయి యా కొట్టున సామాన్యపు టమ్మకపు పిల్లగా జేరి యిరువదియేండ్లు నిలుచుండి చీరలు విప్పి మడిచి మడిచి విప్పి తుదకు యజమానుడగు నాగలింగము గారి మన్ననకు బాత్రురాలై యాయన నోట "గారూ" యని పిలిపించుకొను పదవి నందెను. ఆ "గారూ" యనుమాట యామె కెంత ప్రియమైనదో యామెకు దక్క నన్యుల కెఱుక లేదు.

అన్యు లెఱుగని సంగతి మఱియొకటియు గలదు. ఇరువదియేండ్ల నిలుచుండు కొలువు వలన నామె మోకాళ్ళ క్రింది నరములు నెత్తురును పైకి నడపు కవాటములు సడలి నీలవర్ణమున నుబ్బి మెలికలు దిరిగి సాయంకాలమగుసరికి కాళ్ళు ఱాతిదిమ్మెలవలె బరువెక్కి చీలమండలచుట్టు చర్మము నల్లబడి రాత్రులు మంటలు పుట్టి నిద్రపట్టనీయకుండెను. గడచిన మాఘమాసమున చెల్లెలి యింట శుభకార్యమని బొంకి సెలవు గైకొని యామె విశాఖపట్టణమున కేగి డాక్టరు హైమవతి యను శస్త్రవైద్యురాలిని రహస్యముగా దర్శించెను. ఆ వైద్యురాలు కత్తి పట్టలేదు. మోకాలికడ సూది మోపినంత రంధ్రమున వెండ్రుకకంటె నించుక లావైన గాజుతీగను చెడిన నరము లోపలికి బోనిచ్చి తెరమీద దాని జాడను గనుచు తీగ కొసనుండి లేజరు కిరణమును వెలిగించి మెల్లమెల్లగా వెనుకకు లాగుచు నా నరమును లోలోపలనే కాల్చి మూసివేసెను. మాణిక్యాంబ నాడే తన కాళ్ళమీద తానే నడచి బయటికి వచ్చెను. కొలది వారములలో వాపు తీసెను, మంట చల్లారెను, సూదిగుర్తు సయితము మాసిపోయెను. కాళ్ళు చెడినవారిని నాగలింగము గారు కొలువున నుంచికొనరని యెఱిగినది గావున నా సంగతి నామె యెవరికిని చెప్పలేదు. అంతవఱకు దోషము లేదు. తన కడుపు తాను గాచికొనుట మానవసహజము. దోషము పిదప జరిగెను.

ఆషాఢము చివర నొకనాడు నాగలింగము గారు తన గదికి మాణిక్యాంబను బిలిపించి యాసనము చూపి యామె కూర్చుండిన పిమ్మట నిట్లనెను.

"చూడండి మాణిక్యాంబ గారూ, నలుగురు ఆడాళ్ళు కొనడానికొచ్చే వేళ మన పిల్లలు కూర్చుని కనబడితే ఏం బాగుంటుంది? శ్రావణం దగ్గరికొచ్చింది. స్టూళ్ళన్నీ తీయించేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?"

ఆ ప్రశ్నకు నిజమైన ప్రత్యుత్తర మామె కాళ్ళలో నుండెను. అది నోటికి రాలేదు. ఆయన తన్నడిగెనను పొంగు వచ్చెను. తాను వలదన్నచో నెందువలనో చెప్పవలసివచ్చునను భయమును వచ్చెను. ఆ రెంటి నడుమ నామె చిఱునవ్వు నవ్వి "తీయించేయండి. ఇరవయ్యేళ్ళు నించున్నానండి నేను, నాకేమైంది?" అనెను.

మఱునాడు స్టూళ్ళు మేడమీది కొట్టుగదికి బోయెను. పిల్లలు గొణిగినప్పుడెల్ల నాగలింగము గారు మాణిక్యాంబను చేత చూపి "ఆవిడవి కాళ్ళు కావా?" యని నోళ్ళు మూయించుచుండెను. ఆ పిల్లలలో నూకరత్నమను నామె జగన్నాథపురమున చేపల నమ్ముకొని జీవించు పోలమ్మ కొక్కతే కూతురు, నవ్వుమొగము గలది, ఎంత చిరాకుపడు బేరగత్తెనైనను నవ్వించి చీర చేతబెట్టి పంపగల మాటకారి. కొన్నాళ్ళకు నామె మధ్యాహ్నపు భోజనవేళ మాణిక్యాంబను స్టాకు గదిలో నొంటిగా గని తలుపు చేరవేసి పావడా యించుక పైకెత్తి తన యెడమకాలు చూపెను. చీలమండకు పైగా నొక నీలినరము ద్రాక్షపండువలె నుబ్బి దానిమీది చర్మము పలుచబడి మెఱయుచుండెను.

"ఇదిగోండి, ముట్టుకుంటే చిట్లిపోద్దేమో అన్నట్టుందండి. రాత్రయితే ఒకటే మంట. ఇన్నేళ్ళు నించున్నారు గదండీ, మీకు ఇలాటిదేం రాలేదాండి?"

మాణిక్యాంబ యా కాలిని జూచెను. అది తన కాలే. హైమవతి పేరు నాలుక కొసకు వచ్చెను. వచ్చి యక్కడనే నిలిచెను. ఈ పిల్ల మాటకారి, సాయంకాలమునకు నంతస్తులన్నిట ప్రాకును, యజమాని చెవిని బడును, "నాకేమైంది" యన్న తన మాట కల్లయని తేలును.

"రాలేదు. మొదట్లో అందరికీ అంతేనే. అలవాటు పడాలి. గుడ్డ గట్టిగా చుట్టుకో" అనెను.

"ఆయ్, అలాగేనండి" యని నూకరత్నము నమ్మెను. నమ్మి వెడలిపోయెను.

వ్రతమునకు ముందటి దినమున నా యంతస్తున నిసుక వేసిన రాలదు. తెల్లని పఱుపుమీద చీరలు కుప్పలు పడియుండ పెద్దాపురమునుండి పెండ్లిబట్టలకు వచ్చిన యొక కుటుంబము నెదుట నూకరత్నము తొలిజామునుండియు నిలుచుండి యెఱ్ఱంచు పసుపుపట్టుచీరను భుజమున వేసికొని కొంగు పఱచి చూపుచుండగా పెండ్లికూతురి మేనత్త చటుక్కున కెవ్వుమని వెనుకకు జరిగెను. పఱుపుమీద నెత్తురు. నూకరత్నము యెడమ చీలమండపైనుండి సన్నని ధారగా జిమ్ముచుండ నామె దానిని జూచుకొని యేమో చెప్పబోయి గోడ నానుకొని క్రిందికి జారెను. చుట్టునున్న పిల్లలు గోలపెట్టుచు నామెను లేవనెత్తి కూర్చుండబెట్టబోయిరి.

"లేపకండి! ఎవరూ లేపకండి! పడుకోనివ్వండి!"

మాణిక్యాంబ పరుగున వచ్చి మోకాళ్ళమీద గూలబడి చిట్లిన చోట బొటనవ్రేలు గట్టిగా నదిమి యా కాలిని మడిచిన చీరల దొంతరమీది కెత్తి పట్టుకొనెను. ఇట్టి నరము చిట్లినచో నేమి చేయవలెనో మాఘమాసమున హైమవతి యామెకు విశదముగా జెప్పియుండెను. వ్రేలి క్రింద వెచ్చని నెత్తురు కొట్టుకొని కొట్టుకొని క్రమముగా నాగెను. పాలిపోయిన పెదవులతో నూకరత్నము కన్నులు విప్పి యామె మొగము జూచి హీనస్వరమున నడిగినది తన ప్రాణమును గూర్చి కాదు.

"చీర మీద పడిందాండీ?"

మాణిక్యాంబ వ్రేలిని తీయక యట్లే యదిమి పట్టుకొనెను.

సమీపపు టాసుపత్రిలో గాయమునకు కుట్టువేసిన యువవైద్యుడు "ఎవరు నొక్కిపట్టారో గాని మంచి పని చేశారు. కంగారులో చాలామంది కూర్చోబెట్టేస్తారు, నెత్తురు ఇంకా పోతుంది" యని మెచ్చుకొనెను. చేపలతట్ట నెక్కడనో విడిచి తడిబట్టలతో పరుగెత్తివచ్చిన పోలమ్మ యా మాట విని "నా బిడ్డని బతికించావు తల్లీ" యనుచు మాణిక్యాంబ పాదములమీద వ్రాలెను. నిప్పు సోకినట్లు మాణిక్యాంబ కాళ్ళు వెనుకకు దీసికొనెను. ఎవరైన నిందించియుండినచో నామె యెదురు మాటాడియుండెడిది. కృతజ్ఞత కెదురుచెప్పు మాట యామెకు దొరకలేదు.

మూలమైన నరమును మూయించనిచో మఱల నిట్లే జరుగునని వైద్యుడు చెప్పగా మాణిక్యాంబ తానే తోడ్కొనిపోయెదనని తల్లీకూతుళ్ళతో విశాఖపట్టణపు రైలెక్కెను. అన్నవరము దాటిన పిదప చెప్పెదననుకొనెను. అన్నవరము దాటెను. తుని దాటిన పిదప ననుకొనెను. అనకాపల్లిలో నూకరత్నము జామకాయలు కొని పెద్దది యేఱి యామె చేతబెట్టి "తినండి, పొద్దుటినించీ ఏం తినలేదు మీరు" అనెను. ఆ జామకాయ చేతనుంచుకొని యామె కొఱకను లేదు, చెప్పను లేదు.

హైమవతి గదిలోనికి వారు మువ్వురును బోయినతోడనే యా వైద్యురాలు తల యెత్తి మందహాసము చేసి మొదట పలుకరించినది రోగిని గాదు.

"రండి మాణిక్యాంబ గారూ! కాళ్ళెలా ఉన్నాయి? ఆ బిగుతు మేజోళ్ళు వేసుకుంటున్నారా? నొప్పి మళ్ళీ రాలేదు గదా?"

పోలమ్మ కేమియు దెలియలేదు. నూకరత్నము మాత్రము మాణిక్యాంబ మొగమువంక జూచి పిమ్మట మెల్లగా నామె పాదములవంక జూచి కోపము లేని కంఠమున నిట్లనెను.

"అయితే అలవాటు కాదన్నమాటండి."

మాణిక్యాంబ శిరస్సు వంచుకొనెను.

చికిత్స జరుగుచుండ నామె వెలుపలి బల్లమీద గూర్చుండెను. లోపల నేమి జరుగుచున్నదో యామె తన దేహముతోనే యెఱుగును. ఇప్పుడు సూది చుఱుక్కుమనును. ఇప్పుడు నరముచుట్టు చల్లనినీరు నిండినట్లుండును. ఇప్పుడు కిరణము వెలుగును, కాలిన వాసన యించుక ముక్కునకు దగులును, అంతే. తలుపు తెఱచికొని నూకరత్నము మేజోడు తొడిగిన కాలితో తల్లి భుజము పట్టుకొని నడచుచు వచ్చెను. ఇంత స్వల్పమైన పనికొఱకు, ఒక్క పేరు, ఒక్క యూరు చెప్పిన సరిపోవుదానికి, ఆ పిల్ల నెత్తురంతయు పఱుపుమీద నింకవలసివచ్చెను గదా యని మాణిక్యాంబ తలపోసెను. చికిత్స కఠినమైనదైనచో దాచుటకు గొంత నెపముండెడిది. అది సులభమైనకొలది యామె నేర మధికమయ్యెను.

కాకినాడకు మరలిన మఱునాటి యుదయమున దుకాణము తెఱవకమున్నే యామె పిల్లల నందఱిని సమకూర్చి నాగలింగము గారి సమక్షమున నిలిచెను.

"నా కాళ్ళు బాగుపడింది అలవాటు వల్ల కాదు. మాఘమాసంలో విశాఖలో లేజరుతో నరాలు మూయించుకున్నాను. ఆ సంగతి మీ దగ్గర దాచాను. నూకరత్నం అడిగితే అబద్ధం చెప్పాను."

ఈ మాట లాడి యామె చీర కుచ్చెళ్ళు కొంచె మెత్తి చూపెను. పిల్లలు వంగి చూచిరి. అచ్చట మచ్చయైన లేదు. "గుర్తేదండీ?" యని యొకతె సందేహించెను. ఆమె నేరమునకు సాక్ష్యము పలుకుటకు సయితము గాయము మిగిలియుండలేదు.

నాగలింగము గారు మొగము గంటుపెట్టుకొని "గుట్టుగా చేయించుకున్నదాన్ని గుట్టుగానే ఉంచుకోవలసింది" అనెను.

"స్టూళ్ళు దింపించండి. లేకపోతే ఆ రోజు నెత్తురెందుకు పడిందో వచ్చేపోయే ఆడవాళ్ళకి నేనే చెబుతాను."

ఆయన దయదలచి గాదు, కొట్టు పేరు చెడునను భీతిచేత నియ్యకొనెను. స్టూళ్ళు క్రిందికి దిగెను. పిల్లలు బేరము లేని వేళల గూర్చుండసాగిరి. మాణిక్యాంబ పదవి పోలేదు, "గారూ" యను పిలుపును పోలేదు. ఒక్కటి పోయెను. ఆమె వచ్చినప్పుడు పిల్లల ముచ్చటలు నడుమ నాగిపోవుచుండెను.

భాద్రపదమున నొక మబ్బుపట్టిన సాయంకాలమున నామె జగన్నాథపురమున కేగెను. నూకరత్నము వాకిట గూర్చుండి పొరుగువారి రవికకు గుండీలు కుట్టుచుండెను. ఇక కొట్టునకు రానని చెప్పెను. కాలెట్లున్నదని యడుగగా చాచి చూపెను.

"నొప్పి లేదండి. నొప్పి లేకపోతే ఎలాగుంటదో మర్చేపోయానండి ఇన్నాళ్ళూ." దారము పంట కొఱికి మఱల సూదిలోని కెక్కించుచు నామె తల యెత్తకయే యనెను. "ఆ రోజు స్టాకు గదిలో చెప్పుంటే బాగుండేదండి."

అంతకుమించి యేమియు ననలేదు. తిట్టలేదు, క్షమించితిననియు జెప్పలేదు. లోపలినుండి పోలమ్మ టీ త్రాగి పొమ్మని కేకవేసెను. మాణిక్యాంబ త్రాగి గ్లాసు కడిగి బోర్లించి సెలవు గైకొనెను.

వంతెన దాటునప్పటికి వాన మొదలయ్యెను. పడవల దీపము లొక్కటొక్కటిగా నీటిమీద వెలుగుచుండెను. ఆటోవాడు పిలిచినను ఎక్కక యామె యింటివఱకు నడువ నిశ్చయించుకొని బయలుదేఱెను. నడువగా నడువగా కాళ్ళు నొచ్చునని యామె యెదురుచూచెను. మడమ యొత్తలేదు. పిక్క లాగలేదు. చీలమండ మండలేదు. పరుల కందనీయక తానొక్కతెయు ననుభవించిన సుఖము దండనముకంటె గఠినమైనదని యామె యా వానలో దెలిసికొనెను. ఆమె పాదములు పదియాఱేండ్ల పిల్ల పాదములవలె తేలికగా నెంతమాత్రమును బాధ లేక యామెను మోసికొనిపోవుచునే యుండెను.