తూటా దిగిన పడవ

ఊరంతా కెప్టెన్ అని పిలిచే ఆయన నిజానికి నౌకాదళంలో సర్వీసంతా గరిటె తిప్పినవాడు. రిటైరయ్యాక, దళం వాళ్లు ఇక వద్దనుకున్న రబ్బరు పడవ ఒకదాన్ని వేలంలో పాడుకున్నాడు. గట్టి లోహపు అడుగు, చుట్టూ గాలి నింపిన లావుపాటి గొట్టాలు, గుర్రమెక్కినట్టు కాళ్లు చెరోవైపు వేసి కూర్చునే సీట్లు. రాళ్లకు కొట్టుకున్నా చెక్కుచెదరదు. ఇంత మొరటు దాంట్లో డబ్బిచ్చి షికారుకు ఎవరొస్తారని భార్య అడిగింది.

వచ్చారు. పడవను చూసి కాదు, ఆయన నోటి చలవ వల్ల. గొట్టం మీదున్న నల్లటి అతుకు చూపించి, శత్రువు తూటా దిగింది ఇక్కడేనని, అప్పుడు పడవ నడుపుతున్నది తానేనని చెప్పేవాడు. జనం అతుకును నిమిరి ఫొటోలు దిగేవారు. టిక్కెట్లు చింపే భార్య మాత్రం తలెత్తేది కాదు.

ఒక ఆదివారం బట్టతల పెద్దాయనొకడు ఎక్కాడు. కథంతా బుద్ధిగా విన్నాడు. అందరూ దిగిపోయాక తాపీగా దగ్గరికొచ్చాడు.

"ఈ పడవ నడిపింది నేనండీ. ఆ అతుకు నా పనే, రేవు గోడకి గుద్దేశాను. యుద్ధం ఎక్కడిది? ఆఫీసర్లని టెన్నిస్ ఆటకి దీవిలో దింపి వచ్చేవాణ్ణి. మీరు మెస్సులో ఉండేవారు కదూ? ఉప్పు కాస్త ఎక్కువేసేవారు."

కెప్టెన్ అటూ ఇటూ చూసి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నాడు.

"చెప్పనండి. కానీ మీ కథలో ఉన్నది ఒక్క తూటాయే. బొత్తిగా చాలదు."

మర్నాటి నుంచి కథ చెప్పే పని పెద్దాయనదైంది. ఆయన నోట్లో పడ్డాక తూటాలు వానలా కురిశాయి, సముద్రం భగ్గుమంది, మధ్యలో కెప్టెన్ పడవను కెరటాల మీద నుంచి ఎగిరించి తోటివాళ్లను కాపాడాడు. సీట్లు ఖాళీ ఉండటం మానేశాయి. చిక్కల్లా ఒక్కటే. విన్నవాళ్లంతా అలా ఎగిరించి చూపించమని పట్టుబట్టేవారు. ఎగిరించీ ఎగిరించీ కెప్టెన్ నడుం హూనమైపోయింది.

ఈ కథ ఇక ఆపిద్దామని ఓ సాయంత్రం భార్య దగ్గర మొరపెట్టుకున్నాడు. తన వైపు మాట్లాడుతుందనుకున్నాడు. ఆవిడ ఆయన నడుముకు నూనె రాస్తూ, "ఆ పెద్దాయన చెబుతుంటే నాకే నిజమనిపిస్తోందండీ. ఇన్నేళ్ల కాపురంలో మిమ్మల్ని చూసి గర్వపడటం ఇదే మొదలు. చెడగొట్టకండి" అంది.

ఆ మాట ఆయన్ని నడుం నొప్పికన్నా ఎక్కువ బాధించింది. మర్నాడు పడవ నిండగానే లేచి నిలబడ్డాడు. తాను ఏ యుద్ధానికీ వెళ్లలేదని, పప్పు వండటం తప్ప ఏమీ చేయలేదని గట్టిగా చెప్పేశాడు.

ముందు సీట్లో ఒకావిడ కళ్లొత్తుకుంది. "అంత చేసి ఎంత వినయమో" అంది.

"ఆయనెప్పుడూ అంతేనండీ" అన్నాడు పెద్దాయన. జనం చప్పట్లు కొట్టారు. కెప్టెన్ నడుం పట్టుకుని మోటారు స్టార్ట్ చేశాడు.