మూడో కడియం కింద చోటు

ఆ జైలు మొదట్లో సైన్యం గుర్రాలశాల. తర్వాత చుట్టూ రెండు ప్రహరీలు లేపి, మూలమూలనా తుపాకీ మంచెలు కట్టి, పెద్ద నేరాల ఖైదీలను తెచ్చి నింపారు. గుర్రాలను కట్టేసిన ఇనుప కడియాలు గోడల్లోనే ఉండిపోయాయి. ఒక గుర్రం నిలబడ్డ చోట ఇప్పుడు ఆరుగురు. ఇద్దరికి ఒక పడక. ఒకడు లేస్తేనే ఇంకొకడు నడుం వాల్చాలి.

మూడో కడియం కింద పడక వంటవాడిదీ దర్జీదీ. వంటవాడు రాత్రంతా పొయ్యి దగ్గర, దర్జీ పగలంతా మిషను దగ్గర. చుట్టరికం లేకపోయినా ‘బావా’ అని పిలుచుకుంటారు. తిట్టుకున్నా నవ్వుకున్నా పడక మారేటప్పుడే.

ఒక పొద్దున దర్జీ లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. పడక ఖాళీ చెయ్యలేనివాణ్ణి రోగుల షెడ్డుకు పంపాలి. షెడ్డుకు పోయినవాడి చోటు ఆ పూటే ఇంకొకడి పాలవుతుంది.

"నాకు నిద్ర రావట్లేదులే," అని వంటవాడు తడిగుడ్డ పట్టుకుని పక్కన కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఆ రాత్రి పొయ్యి ముందు నిలబడే కునుకు తీసి, కూరలో ఉప్పు రెండోసారి వేశాడు.

తిండి వేళ ఖైదీలంతా గోల. వాళ్ళ మీద పెద్దరికం చేసే మేస్త్రీ, తనూ ఖైదీయే, మూతి తుడుచుకుంటూ మూడో కడియం దగ్గరికి వచ్చాడు.

"సముద్రం వండావేంట్రా?"

"చెయ్యి జారింది మేస్త్రీ."

"చెయ్యి కాదు, రెప్ప జారింది. ఈ దర్జీని షెడ్డుకు మొయ్యండి."

వంటవాడు అడ్డం కూర్చున్నాడు. "పోతే మళ్ళీ చోటు దక్కదు. కావాలంటే నా చోటు తీసుకోండి, వాడిది వదిలెయ్యండి."

"మీ ఇద్దరిదీ ఒకటే చోటు కదరా వెర్రిబాగులోడా!"

వరసంతా పగలబడి నవ్వింది. మేస్త్రీ నవ్వాపుకుని, "డాక్టర్నే ఇక్కడికి రమ్మనండి. పడుకున్నోళ్ళంతా ఎడమకి ఒత్తిగిలండి," అన్నాడు. జానెడు ఖాళీ వచ్చింది. "ఇంకాస్త."

"ఇక ఊపిరి కూడా వంతులేసుకోవాలి మేస్త్రీ!" అన్నాడు గోడవారనున్నవాడు.

ఆ సందులో దూరిన వంటవాడు తల ఆనీ ఆనకముందే నిద్రపోయాడు. కాసేపటికి దర్జీ కళ్ళు తెరిచి పక్కకి చూశాడు.

"వీడింత గురక పెడతాడని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదేం?"

"నీ గురక సంగతి వాడికీ చెప్పలేదులే," అన్నాడు మేస్త్రీ, తడిగుడ్డ పిండుతూ. "పడుకో."