గుమ్మానికి కట్టిన వేపమండ

గాజువాకలో గవర్రాజు ఇంటి గుమ్మానికి ఆ రోజు పొద్దున్నే వేపమండలు వెలిశాయి. చదువరులకు విప్పి చెప్పనక్కర్లేదు, ఆ ఇంట్లో ఎవరికో ఆటలమ్మ పోసిందన్నమాట. పాలవాడు ప్యాకెట్లు గేటు దగ్గరే పెట్టి వెళ్ళిపోయాడు. కాస్త కరివేపాకు అడుగుదామని వచ్చిన పక్కింటావిడ మండలు చూసి, దణ్ణం పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళింది.

లోపల పెద్దపిల్ల హేమశ్రీ ఒంటినిండా నీటి పొక్కులతో వేపాకుల మీద పడుకుని ఉంది. నాయనమ్మ కట్టుదిట్టం అంతా ఇంతా కాదు. పొయ్యి మీద తాలింపు వెయ్యకూడదు. చేపల పేరెత్తకూడదు. బయటినుంచి ఎవరొచ్చినా పెరట్లో నీళ్ళు పోసుకున్నాకే గడప దాటాలి. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనిచేసి, ఒళ్ళు హూనమై వచ్చే కొడుకుని కూడా ఆవిడ వదల్లేదు.

"రోగం అనకురా నాయనా. అమ్మోరు సల్లగా దిగిపోవాల" అంటూ లెంపలేసుకునేది.

ఇంత మడిగా ఉన్న ఇంట్లోంచి మూడేళ్ళ ఉదయ్‌కుమార్ మాత్రం రోజూ సంచీ తగిలించుకుని నర్సరీకి వెళుతూనే ఉన్నాడు!

ఎందుకంటారా? వాడి క్షేమం కోసమేనట.

"గుంటడు ఇంట్లో ఉంటే ఆడికీ పోసేత్తాది. పగలంతా టీచరమ్మ కాడుంటేనే మంచిది" అంది నాయనమ్మ.

కోడలు గౌరీశ్వరికి ఆ మాట వినసొంపుగానే ఉంది. ఆమెది పరవాడలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. పెద్దదాన్ని అత్త చూసుకుంటోంది. చిన్నవాడి కోసం సెలవు పెడితే ఆ బల్ల దగ్గర మర్నాటికి ఇంకొకరు నిలబడతారు. ఆ ప్యాకింగ్ గదిలోకి తలకి టోపీ, మూతికి మాస్కు, చేతులకి గ్లౌజులు లేనిదే అడుగు పెట్టనివ్వరు. ఎవరైనా తుమ్మితే చాలు, సూపర్వైజరు బయటికి పంపేస్తాడు. మందుబిళ్ళ దగ్గర అంత జాగ్రత్తగా ఉండే తల్లికి మనుషుల దగ్గర ఆ జాగ్రత్త ఎందుకు గుర్తురాలేదో మీరే చెప్పండి.

నర్సరీ నడిపే రోజలిన్ టీచరు రెండు వీధుల అవతల ఉంటుంది. ఇంటి ముందుగదిలోనే పదిమంది పిల్లలు. భర్త సుందర్ రాజ్‌ది పోర్టులో ఉద్యోగం. పెళ్ళయి చాలా ఏళ్ళు గడిచి, రెండుసార్లు కడుపు నిలబడక, ఇక ఆశ వదులుకున్నాక ఆమె మళ్ళీ గర్భవతి అయింది. ఇప్పుడు ఎనిమిది నెలలు దాటాయి. నెల తప్పిన కొత్తలోనే తల్లులందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"అక్కా, మీ ఇళ్ళల్లో ఎవరికి అమ్మవారు పోసినా దాచకుండా చెప్పండి. నాకు చిన్నప్పుడు పొయ్యలేదు. ఇప్పుడొస్తే బిడ్డకి మంచిది కాదని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. నాలుగు రోజులు నర్సరీ మూసేస్తే కొంప మునిగిపోదు."

అందరూ తలలూపారు. గౌరీశ్వరి అందరికంటే గట్టిగా ఊపింది.

హేమశ్రీ కనబడకపోయేసరికి టీచరే ఓ సాయంత్రం అడిగింది. "పెద్దది రావట్లేదేంటక్కా? రోజూ తమ్ముడి కోసం అదే వచ్చేది కదా?"

"ఆనందపురంలో మా అమ్మోలింటికి పంపినాను టీచరుగారూ" అంది గౌరీశ్వరి, తడుముకోకుండా.

నిజం చెబితే పిల్లాణ్ణి రానివ్వరు. పిల్లాణ్ణి రానివ్వకపోతే ఉద్యోగం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదనను. కానీ ఆ గోతిలో పడబోయేది తను కాదని మాత్రం ఆమెకు తోచలేదు.

హేమశ్రీకి తగ్గింది. వేపాకు నీళ్ళు పోశారు. పెరుగన్నం, చలిమిడి నైవేద్యం పెట్టి గుమ్మానికున్న మండలు తీసేశారు. మొక్కు తీర్చుకోవాలని నాయనమ్మ ఊరెళ్ళింది. అమ్మయ్య, గండం గడిచిందనుకున్నారంతా.

తర్వాత కొద్ది రోజులకే ఓ పొద్దున్న ఉదయ్ ఒళ్ళు వెచ్చగా తగిలింది. గౌరీశ్వరి చెయ్యి వాడి నుదుటి మీద చాలాసేపు ఉండిపోయింది. ఆమెకు తెలియదనుకోకండి. తెలుసు. కానీ గవర్రాజు పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిపోయాడు. కంపెనీ బస్సు వచ్చే వేళయింది. జ్వరం సిరప్పు ఒక మూత పట్టించి, మొహం కడిగి, పౌడరు రాసి పిల్లాణ్ణి టీచరు చేతికిచ్చింది.

"కొంచెం జలుబు చేసింది, అంతే టీచరుగారూ" అని బస్సుకోసం పరుగెత్తింది.

పిల్లవాడు అమ్మ కావాలని ఒకటే ఏడుపు. అంత కడుపుతోనూ రోజలిన్ వాణ్ణి ఎత్తుకుంది. వాడు ఆమె భుజం మీదే మధ్యాహ్నం దాకా నిద్రపోయాడు. చెమటకు తడిసిన చొక్కా మారుద్దామని విప్పితే, పొట్ట మీద ఎర్రగా నాలుగైదు పొక్కులు కనిపించాయి. రోజలిన్ ఆ చొక్కా చేత్తో పట్టుకునే సుందర్ రాజ్ కి ఫోను చేసింది.

ఆ సాయంత్రమే ఆస్పత్రికి వెళ్ళారు. ఇలాంటప్పుడు ఇచ్చే ఇంజక్షను ఒకటుందని డాక్టర్ అనూరాధ రాసిచ్చింది. సుందర్ రాజ్ మద్దిలపాలెం దాకా మందుల షాపులన్నీ తిరిగాడు. ఎక్కడా దొరకలేదు.

రెండు వారాలయ్యాక రోజలిన్ మెడమీద మొదటి పొక్కు లేచింది. మర్నాడే నొప్పులొచ్చాయి. మగబిడ్డ పుట్టాడు, బంగారంలా ఉన్నాడు. టిమోతి అని పేరు పెట్టుకున్నారు. నిండా వారం తిరక్కుండానే ఆ పసిఒంటి మీదా పొక్కులు లేచాయి. ఊపిరితిత్తుల్లోకి దిగాయి. గాజుపెట్టెలో పెట్టారు, గొట్టాలు పెట్టారు, చర్చివాళ్ళంతా కూడి ప్రార్థన చేశారు. బిడ్డ దక్కలేదు.

కబురు తెలిసి గౌరీశ్వరి వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది. రోజలిన్ తల్లి జయమణి గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "ఇంకేటి మిగిలిందని వచ్చినావమ్మా?"

"రానీ అమ్మా" అంది లోపలినుంచి రోజలిన్.

ముందుగదిలో చిన్న చిన్న కుర్చీలు ఒకదాని మీద ఒకటి సర్ది ఉన్నాయి. గౌరీశ్వరి మంచం పక్కన నేలమీద కూర్చుని భోరుమంది.

"నా గుంటణ్ణి కాపాడుకుందామనే పంపినాను టీచరుగారూ. ఇలగైపోద్దని నాను కల్లో కూడా అనుకోలేదు."

"ఆ రోజు వాడికి జ్వరమని నీకు తెలీదా అక్కా?"

గౌరీశ్వరి అబద్ధమాడలేకపోయింది. "తెలుసు."

"హేమని ఊరు పంపావన్నావు. నీ గుమ్మానికి మండలు కట్టారని అందరూ చెబుతున్నారు. ఎందుకు కట్టారక్కా?"

"బయటోల్లు లోపలికి రాకూడదని..."

"మరి లోపలోళ్ళు బయటికి రాకూడదని ఏం కట్టారు?"

రోజలిన్ గొంతు పెంచలేదు, తిట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండునని గౌరీశ్వరి ఏడుస్తూ ఇంటికి పోయింది.

ఆ నర్సరీ మళ్ళీ తెరవలేదు. ఉదయ్‌ని నయమయ్యాక ఇంకో నర్సరీలో వేశారు. కంపెనీ బస్సు ఎవరి దుఃఖం కోసమూ ఆగదు కదా. ఓ పొద్దున్న ఆ కొత్త నర్సరీ గేటు దగ్గర ఓ తల్లి, జ్వరంతో సోలిపోతున్న పిల్లకు పైటచెంగుతో ముక్కు తుడిచి, "కొంచెం జలుబంతే" అంటూ ఆయాకి అందిస్తోంది.

గౌరీశ్వరి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇంటికి తీసుకెల్లిపోమ్మా. నీకు దణ్ణం పెడతాను, తీసుకెల్లిపో."

"నాను పనికెల్లకపోతే నా జీతం నువ్విత్తావేటి?" అని విదిలించుకుని, ఆమె ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ మాట ఒకప్పుడు గౌరీశ్వరి అనుకున్నదే. పిల్లను లోపలికి తీసుకుపోయారు, గేటు వేసేశారు.

అమ్మలారా, అయ్యలారా! మీ అవసరం అబద్ధమని నేననను. ఆ అవసరం మీదే, దాని ఖరీదు మాత్రం ఇంకో తల్లి కడుతుంది. అంటుజబ్బు ఉన్న ఇంటి గుమ్మం, లోపలికి వచ్చేవాళ్ళకే కాదు, బయటికి వెళ్ళేవాళ్ళకు కూడా మూసి ఉండాలి.