నాలుగో పొర

"రజినికి రొట్టె వేడివేడిగ పెట్టు, పిల్ల అలిసొచ్చింది" అంది మా అత్త. రజిని నా ఆడబిడ్డ. బొంబాయి నుంచి రైల్లో పడుకుని వచ్చింది. నేను పొద్దున్నుంచి ఈ ఊర్జానగర్ కరెంటు కాలనీ క్వార్టర్ వంటింట్లో నిలబడే ఉన్నాను. అలసట నాకెందుకుంటుంది, కోడల్ని కదా.

రజిని సంచిలోంచి ఆకుపచ్చ బోర్డు ఒకటి తీసి టేబుల్ మీద పెట్టింది. మ్యువాన్ అనే, కంటికి కనపడని కణాన్ని కనిపెట్టే యంత్రానికి ట్రిగ్గర్ బోర్డట. తను పనిచేసే ల్యాబ్‌లో పరీక్షప్పుడు చెడిపోతే మాకు చూపించడానికి తెచ్చింది. "యంత్రంల నాలుగు పొరలుంటయి. నాలుగూ ఒక్కసారే పలికితేనే మ్యువాన్ దాంట్లకెళ్లి పోయినట్టు. మూడే పలికితే ఉత్త సొద, బోర్డు దాన్ని పారేస్తది" అంది. నేనూ ఎలక్ట్రానిక్స్ ఎమ్మెస్సీయే. ఉండబట్టలేక అడిగాను. "తీగల పొడుగు వేరైతే సిగ్నల్ ముందు వెనక వస్తది గదా, ఎట్ల కలుపుతరు?" రజిని కళ్లు మెరిశాయి. ఆమె నోరు తెరిచేలోపే మా ఆయన నవ్వాడు. "నీకెందుకే గవన్ని? రొట్టె మాడుతుంది సూడు." రొట్టె నిజంగానే మాడింది.

ఆ బోర్డును చూసిన కొద్దీ కడుపులో మంట. పెళ్లయిన ఏడాదే నాకూ బొంబాయి నుంచి ఉద్యోగం వచ్చింది. "కోడలు ఊర్లు పట్టుకోని పోతే ఇల్లెవలు సూస్తరు?" అన్నది ఈ అత్తే. ఇప్పుడు అదే నోటితో కూతుర్ని "మా సైంటిస్టు" అని పక్కింటి మరాఠీ వాళ్లకు చూపించి మురుస్తుంది. రజిని వేళ్ల మీది సోల్డరింగ్ మచ్చల్ని చూసినా నాకు అసూయే. నా వేళ్ల మీదున్నవి పెనం మచ్చలు.

రెండో రొట్టెకు అసలు మాట బయటపడింది. వరోరాలో రంగు టీవీల దుకాణం తెరిచిన వాళ్ల సంబంధం. పిల్ల ఉద్యోగం మానాలట. రజిని మాననంది.

"మీ వదిన వచ్చిన ఉద్యోగం ఇడిసిపెట్టలేదా? సుఖంగ లేదా?" అంది అత్త.

"రాణి లెక్క ఉన్నది" అన్నాడు మామ.

"దానికేం తక్కువ? ఫ్రిజ్ ఉన్నది, మొన్న కేబుల్ గూడ పెట్టిచ్చిన" అన్నాడు మా ఆయన.

అందరూ నా వైపు చూశారు. నేను అవునంటే చాలు, రజిని కూడా వరోరాలో ఒక పెనం ముందు నిలబడుతుంది. తలుచుకుంటే, అబద్ధమెందుకు, హాయిగా అనిపించింది.

"మూడు పొరలు పలికినయి వదినా" అంది రజిని. "నాలుగోదానివి నువ్వే."

పిండి చేతులు కొంగుకు తుడుచుకున్నాను.

"సుఖంగ లేను. నిన్ను చూస్తే కడుపు మండుతది రజినీ. నువ్వు ఉద్యోగం మానితే నాకు సల్లగైతది. గందుకే చెప్తున్న, మానకు."

అత్త కంచం పక్కకు నెట్టింది.

"ఏందే ఆ మాటలు? పోయి రొట్టె తే" అన్నాడు మా ఆయన.

"పిండి ఆడనే ఉన్నది" అని, కుర్చీ లాక్కుని బోర్డు ముందు కూర్చున్నాను. "ఇప్పుడు చెప్పు రజినీ. తీగల పొడుగు ఎట్ల కలుపుతరు?"